దుమ్ము నేలలో నల్లకారు: పెయింట్‌ను శుభ్రంగా, భద్రంగా ఉంచుకోవడం ఎలా?

నల్లకారు షోరూమ్‌లో ఎంత ముచ్చటగా కనిపిస్తుందో, నల్గొండ నుంచి మిర్యాలగూడకు ఒకసారి వెళ్లివచ్చాక అంత దిగులు పుట్టిస్తుంది. తెల్లకారు మీద వారమైనా కంటికి ఆనని దుమ్ము దీనిమీద ఒక్క పూటలోనే తేలుతుంది. అందుకే నల్లకారు ఉన్నవారు మిగతావారి కంటే ఎక్కువసార్లు గుడ్డ పట్టుకుంటారు, ఆ తుడుపులతోనే మెరుపును పోగొట్టుకుంటారు. దక్షిణ తెలంగాణలో దుమ్మును తప్పించుకునే మార్గం లేదు గనుక, దానితో ఎలా మెలగాలో నేర్చుకోవడమే మీరు చేయగలిగిన పని. కింద చెప్పే పద్ధతి అంతా రెండు నియమాల చుట్టూ తిరుగుతుంది: పొడి దుమ్మును చేత్తో గాని గుడ్డతో గాని తాకకూడదు, కడిగిన నీటిని పెయింట్ మీద ఆరనివ్వకూడదు.

ముందుగా మీరు కాపాడవలసింది ఏమిటో తెలుసుకోండి. కారు రేకు మీద తుప్పు పట్టకుండా వేసే పూత, ప్రైమర్, రంగు, అన్నిటికీ పైన పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్ అనే పొరలు ఉంటాయి. ఇవన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందమే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు. మీ కళ్లకు మెరుపుగా కనిపించేది ఈ పై పొరే, గీతలు పడేదీ ఈ పొర మీదే. ఒక్కో గీత అంచు దగ్గర వెలుతురు చెదిరి తెల్లగా మెరుస్తుంది; వెనక ఉన్నది నలుపు కావడంతో ఆ తెలుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రాత్రిపూట ఫోన్ టార్చిని బానెట్‌కు దగ్గరగా పట్టి చూడండి. సాలెగూడులా గుండ్రంగా అల్లుకున్న సన్నని గీతలు కనిపిస్తే, అవి దాదాపు అన్నీ కడగడంలోనో తుడవడంలోనో పడినవే.

మన దుమ్ము గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అన్ని ఊళ్ల దుమ్మూ ఒకటి కాదు. మహబూబ్‌నగర్, నల్గొండ ప్రాంతాల ఎర్ర చల్క నేలలు చాలావరకు గ్రానైట్ జాతి రాళ్లు శిథిలమై ఏర్పడినవి. ఆ మట్టిలో ఉండే క్వార్ట్జ్ రేణువుల కాఠిన్యం, ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానం మీద 7. మామూలు చాకు ఉక్కు కంటే అది గట్టిది, ఇక క్లియర్ కోట్ దాని ముందు ఏపాటిది? మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల బాయిలర్లలో ఊకను కాల్చగా వచ్చే బూడిద చూడటానికి మెత్తగానే ఉంటుంది గాని, అందులో అత్యధిక భాగం సిలికాయే. వాడపల్లి, మట్టపల్లి, మేళ్లచెరువు వైపు తిరిగే కార్ల మీద పడే సిమెంట్ పొడిది ఇంకో రకం పేచీ: అది తేమ తగలగానే తీవ్రమైన క్షారంగా మారి పెయింట్‌ను పట్టుకుంటుంది. చలికాలం తెల్లవారుజామున పడే మంచు ఆ పనికి సరిపోతుంది. కనుక సిమెంట్ లారీల వెంట ప్రయాణించి వచ్చిన రోజు సాయంత్రమే కారు మీద ధారాళంగా నీళ్లు కొట్టి దుమ్మును కడిగేసి తడిని అద్దేయండి, షాంపూతో కడగడం మరునాటికి వాయిదా వేసినా పరవాలేదు.

నీళ్లు ఎలాంటివి?

కారు కడగడానికి మనకు అందుబాటులో ఉండేది చాలావరకు బోరు నీరే. నల్గొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది గాని, బానెట్ మీద మిగిలే తెల్లటి వలయాలకు ప్రధాన కారణం నీటి కాఠిన్యం, అంటే అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీరు దొరకనిచోట 600 వరకు అనుమతిస్తారు. మీ ఇంట్లో బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర తెల్లటి పెచ్చు కడుతుంటే, సబ్బు సరిగా నురగ రాకుంటే, ఆ నీరు నల్లకారు మీద ఆరితే ఏమవుతుందో పరీక్ష చేయించకుండానే తెలుసుకోవచ్చు.

దీనికి ఖరీదైన ఉపాయాలు అక్కరలేదు. మొదటి కడుగుడు అంతా బోరు నీటితోనే కానివ్వండి. చివరి ఒకటి రెండు బకెట్లు మాత్రం మెత్తటి నీళ్లు వాడండి. వానాకాలంలో డాబా మీది నుంచి పట్టిన వాన నీరు ఇందుకు శ్రేష్ఠం. ఏసీ పైపు నుంచి కారే నీటిలో కూడా లవణాలు దాదాపు ఉండవు. ఉక్కగా ఉన్న రోజుల్లో ఎక్కువగా, ఎండాకాలపు పొడిగాలిలో తక్కువగా వచ్చే ఆ నీటిని ఒక డబ్బాలో పట్టి, పలుచని గుడ్డతో వడకట్టి ఉంచుకోవచ్చు. ఇంట్లో వాటర్ ప్యూరిఫయర్ బయటికి వదిలే వృథా నీటిని మాత్రం కారుకు వాడకండి. పొదుపుగా కనిపించినా, శుద్ధి చేసిన నీటిలోంచి తీసివేసిన లవణాలన్నీ పేరుకొని ఉండేది అందులోనే, అది మామూలు బోరు నీటికంటే గట్టి మరకలు వేస్తుంది. మిషన్ భగీరథ నీళ్లు మెత్తగా ఉన్నాయి కదా అని పైపు తగిలించడం నాకు సమ్మతం కాదు. అవి తాగడానికి వచ్చిన నీళ్లు.

ఎప్పుడు కడగాలి?

ఎండాకాలంలో మన వైపు మధ్యాహ్నం ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి, ఆ ఎండలో నిలిచిన నల్ల బానెట్ చేయి పెట్టలేనంతగా కాలుతుంది. అలాంటి రేకు మీద షాంపూ నిమిషంలో ఆరిపోయి చారలు కడుతుంది. తెల్లవారి ఎండ రాకముందు గాని, పొద్దుగూకాక రేకు చల్లబడ్డాక గాని కడగండి. అప్పుడే ప్రయాణం చేసి వచ్చిన కారైతే ఇంజిన్ వేడి కూడా తగ్గాలి. అరచేయి బానెట్ మీద హాయిగా ఆనించి ఉంచగలిగితే కడగడానికి సిద్ధమైనట్టే. వారానికి ఒకసారి కడిగితే మామూలు వాడకానికి చాలు. వరి కోతల కాలంలో, హార్వెస్టర్లు తిరిగే దారుల్లో నిత్యం వెళ్లేవారికి ఇంకొంచెం తరచుగా అవసరం పడవచ్చు.

కడిగే క్రమం

మొదట చక్రాలు, టైర్లు కడగండి. బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి అంతా అక్కడే ఉంటుంది గనుక దానికి వాడిన బ్రష్, గుడ్డ, బకెట్ వేరుగా ఉండాలి. ఆ గుడ్డ ఎంత ఉతికినా మళ్లీ పెయింట్ మీదికి రాకూడదు.

తర్వాత కారు అంతటా పైనుంచి కిందికి నీళ్లు కొట్టండి. ప్రెషర్ వాషర్ ఉంటే నాజిల్‌ను అడుగున్నర దూరంలో, కొంచెం ఏటవాలుగా పట్టుకోండి. పెయింట్ పెచ్చు లేచిన చోట, స్టిక్కర్ల అంచుల దగ్గర ఇంకా దూరంగా ఉంచండి. యంత్రం లేకపోతే తోటకు వాడే పైపు చివర వేలుతో ఒత్తిపట్టినా పని జరుగుతుంది, కాకపోతే ఓపిక కావాలి. ఈ దశలో ఎంత ఎక్కువ మట్టి నీళ్లతోనే జారిపోతే తర్వాత గీతలు అంత తక్కువ పడతాయి. కనుక తొందరపడి స్పాంజి అందుకోకుండా, కింది నుంచి కారే నీరు తేటగా వచ్చేదాకా కొట్టండి. చక్రాల వెనక, తలుపుల దిగువ అంచున గట్టిపడిన రేగడి బురద ఒక పట్టాన రాదు. దాన్ని గోకకుండా ముందు తడిపి పది నిమిషాలు నాననిచ్చి మళ్లీ నీళ్లు కొట్టాలి.

ఇప్పుడు షాంపూ. కారు కోసమే తయారైన, ఆమ్ల క్షార గుణాలు లేని షాంపూను సీసా మీద చెప్పిన పాళ్లలో కలపండి. బట్టల సబ్బు పొడి, గిన్నెలు తోమే ద్రవం జిడ్డును వదిలించడానికి చేసినవి కావడంతో మీరు కష్టపడి పెట్టిన వ్యాక్స్‌ను, అంటే పెయింట్ మీద రక్షణగా రాసే మైనం పూతను కూడా అవి ఊడ్చుకుపోతాయి. రెండు బకెట్లు పెట్టుకోండి: ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండోదానిలో వట్టి నీళ్లు. మైక్రోఫైబర్ చేతితొడుగును షాంపూలో ముంచి ఒక భాగం కడిగాక, దాన్ని నేరుగా షాంపూ బకెట్‌లో పెట్టకుండా వట్టి నీళ్లలో పిండి, జాడించి, ఆ తర్వాతే మళ్లీ షాంపూలో ముంచాలి. పని అయ్యాక రెండో బకెట్ అడుగున చేరిన ఇసుకను చూస్తే ఈ శ్రమ ఎందుకో మీకే అర్థమవుతుంది. పసుపురంగు స్పాంజి వద్దు. దాని నున్నటి ముఖానికీ పెయింట్‌కూ మధ్య రేణువు చిక్కుకుంటే తప్పించుకోవడానికి దారి ఉండదు, చేతితొడుగు పోగుల్లోకైతే అది దిగిపోతుంది.

పైకప్పు, అద్దాలు, బానెట్, తలుపుల పైభాగం, చివరగా తలుపుల దిగువ, వెనక బంపర్: ఈ వరుస తప్పకండి. చేతిని గుండ్రంగా తిప్పకుండా, ఒత్తకుండా, తిన్నగా ముందుకూ వెనక్కూ నడపండి. చేతితొడుగు నేల మీద పడితే దాన్ని పక్కన పెట్టి వేరేది తీసుకోండి. జాడిస్తే పోతుందిలే అనుకోవడం నల్లకారు విషయంలో చెల్లదు. ఒక భాగం కడగగానే దాని మీద నీళ్లు పోసి, నురగ ఆరకముందే రెండో భాగానికి వెళ్లండి.

తుడవడం

నా దృష్టిలో మొత్తం పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన ఘట్టం ఇదే, అందరూ తొందరపడేదీ ఇక్కడే. చివరి మెత్తటి నీళ్లను మగ్గుతో చిమ్మకుండా, పైపు ద్వారానో బకెట్ నుంచో ఒకే పలుచటి ధారగా పైనుంచి వదిలితే నీరు చుక్కలుగా విడిపోకుండా పొరలా జారిపోయి, తుడవడానికి సగమే మిగులుతుంది. తర్వాత చదరపు మీటరుకు 800 గ్రాములు లేదా అంతకు పైబడిన మందపాటి మైక్రోఫైబర్ తువ్వాలును తడి రేకు మీద పరిచి, రెండు మూలలు పట్టుకొని మెల్లగా మీ వైపు లాగండి. రుద్దకూడదు, అద్దవచ్చు. అద్దాల సందుల్లో, నంబర్ ప్లేట్ వెనక, తలుపు పిడుల కింద దాగిన నీరు గంట తర్వాత జారి చారలు వేస్తుంది. కారును ఇంటి చుట్టూ ఒకసారి తిప్పి తెచ్చి ఆ చుక్కలు కూడా అద్దేయండి. పాత లుంగీలు, బనియన్లు ఎంత మెత్తగా ఉన్నా వాటి కుట్లు పెయింట్‌ను గీస్తాయి.

కొన్న తువ్వాళ్లను నిలబెట్టుకోవడం కూడా ఇందులో భాగమే. వాటిని నూలు బట్టలతో కలపకుండా విడిగా, ద్రవరూపపు సబ్బుతో ఉతకండి. బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ వాడితే నీరు పీల్చే గుణం పోతుంది. బోరు నీటితో ఉతికి ఉతికి గరుకెక్కినప్పుడు చివరి జాడింపులో కొంచెం తెల్ల వెనిగర్ వేసి, నీడన ఆరేయండి.

బయటి వాటర్ సర్వీసింగ్ సెంటర్‌కే వెళ్లక తప్పనివారు నీళ్లు, నురగ కొట్టడం వరకు వారికి వదిలి, చేతితొడుగు, తువ్వాలు మీవి ఇవ్వండి. ముందు వచ్చిన ట్రాక్టర్‌ను తుడిచిన గుడ్డే మీ బానెట్ మీదికి రాకుండా ఉండాలంటే అదొక్కటే మార్గం. మెరుపు కోసమని డీజిల్ కలిపిన నీళ్లు చల్లుతామంటే వద్దని గట్టిగా చెప్పండి. ఆ మెరుపు ఉత్త నూనె పొర, సాయంత్రానికల్లా దానికి దారిలో ఉన్న దుమ్మంతా అంటుకుంటుంది.

మరకలు

పక్షి రెట్ట, వేప, చింత చెట్ల నుంచి రాలే జిగురు, హైవే మీద బంపర్‌కు కొట్టుకునే పురుగులు, ఇవేవీ వారాంతం దాకా ఆగకూడదు. రెట్టలోని ఆమ్లం ఎండ వేడికి మెత్తబడిన క్లియర్ కోట్‌ను తినేస్తుంది, ఒకసారి గుంత పడితే పాలిష్ చేసినా పూర్తిగా పోదు. కారులో ఒక నీళ్ల స్ప్రే సీసా, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు ఎప్పుడూ ఉంచుకోండి. మరక మీద తడి గుడ్డను రెండు మూడు నిమిషాలు కప్పి ఉంచి, నానాక అద్ది పైకి ఎత్తేయండి.

బోరు నీటి తెల్ల మచ్చలకు తెల్ల వెనిగర్‌ను సమానంగా నీళ్లతో కలిపి, చల్లగా ఉన్న రేకు మీద తడి గుడ్డతో నిమిషంపాటు ఉంచి, వెంటనే మంచి నీళ్లతో కడగండి. సిమెంట్ పొడి కట్టిన పలుచని తెట్టుకూ ఇదే మందు. వెనిగర్ వ్యాక్స్‌ను పలచబరుస్తుంది గనుక ఆ చోట తర్వాత మళ్లీ వ్యాక్స్ పెట్టాలి. రెండుసార్లకు పోని మచ్చ అప్పటికే పొరలోకి దిగిందని తెలుసుకొని పాలిష్ చేసేవారికి వదలండి. ఎండలో కరిగిన తారు చుక్కలకు తారు తొలగించే స్ప్రే దొరుకుతుంది. చల్లి, కరగనిచ్చి, మెత్తటి గుడ్డతో తీసి, ఆ చోటును షాంపూతో కడగాలి. గోటితో, బ్లేడుతో గీకకండి.

దసరా ఆయుధ పూజకు, చెర్వుగట్టు, యాదగిరిగుట్టల్లో చేయించే వాహన పూజకు బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ వేయడం మనకు ఆనవాయితీ, దాన్ని మానమని చెప్పడం నా ఉద్దేశం కాదు. అంగట్లో దొరికే కుంకుమలో రంగులు కలిసి ఉండవచ్చు, అది ఎండలో రోజులకొద్దీ ఉంటే మరక నిలుస్తుంది. పూజకు ముందే వ్యాక్స్ పెట్టి ఉంచండి, బొట్లు అద్దం మీద గాని నంబర్ ప్లేట్ మీద గాని పెట్టమని పూజారి గారిని కోరండి. బానెట్ మీద పెట్టినా మరునాడు నీళ్లు పోసి కరిగించి తీయండి తప్ప, ఎండిన కుంకుమను పొడిగుడ్డతో దులపకండి. కొబ్బరినీళ్లు, హారతి కర్పూరం మసి కూడా అదేరోజు కడిగేయాలి.

రక్షణ పూత

పూతకు ముందు పెయింట్ నున్నగా ఉందో లేదో చూడాలి. కడిగి ఆరిన బానెట్ మీద, చేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడిగి వేళ్లతో మెల్లగా తడమండి. గరుకుగా తగిలితే కంటికి కనిపించని రేణువులు అతుక్కున్నాయని అర్థం. డిటెయిలింగ్ క్లే అనే మెత్తటి ముద్దను, దాని కోసం అమ్మే జారుడు ద్రవం ధారాళంగా చల్లుతూ, ఒత్తకుండా తిప్పితే అవి ఊడివస్తాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి ఇది వద్దు. నేల మీద పడిన క్లే ముక్కను పారేయండి.

పాలిష్, వ్యాక్స్ ఒకటే అనుకొని చాలామంది నష్టపోతున్నారు. పాలిష్, రబ్బింగ్ కాంపౌండ్ క్లియర్ కోట్‌ను అరగదీసి గీతలను చదును చేస్తాయి. వ్యాక్స్ పైన పొరగా నిలుస్తుంది. ప్రతి సర్వీసింగ్‌లోనూ రబ్బింగ్ చేయించుకునే నల్లకారు కొన్నేళ్లకు ఆ పొరనే పోగొట్టుకుంటుంది. పైగా అనుభవం లేని చేతిలో వేగంగా గుండ్రంగా తిరిగే రోటరీ యంత్రం ఎండలో మాత్రమే కనిపించే మబ్బు చారలను మిగులుస్తుంది. గీతలు నిజంగా ఇబ్బంది పెడితే, పెయింట్ మందం కొలిచే మీటర్ ఉన్న, తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ యంత్రంతో పనిచేసే చోట, కనిపించని మూలలో ముందు చేసి చూపించమని అడిగి చేయించుకోండి.

పూతల్లో కార్నౌబా వ్యాక్స్ (ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల మైనం) నలుపుకు మంచి లోతు ఇస్తుంది గాని, మన ఎండలకు నెల, రెండు నెలలకంటే నిలవదు. సింథటిక్ సీలెంట్ అనే కృత్రిమ పూత నాలుగు నుంచి ఆరు నెలలు ఉంటుంది. సొంతంగా చేసుకునేవారికి నేను సీలెంట్‌నే సూచిస్తాను: మార్చి మొదట్లో ఒకసారి, వానలు వెనకబట్టాక దసరాకు ముందు ఇంకోసారి. నీడలో, బాగా పలుచగా రాసి, సీసా మీద చెప్పినంతసేపు ఉంచి తుడవండి; మందంగా రాస్తే రక్షణ పెరగదు, తుడిచే కష్టం పెరుగుతుంది.

పెయింట్‌కు అంటుకొని గట్టిపడే ద్రవపు పూత అయిన సిరామిక్ కోటింగ్ సరిగా వేస్తే ఏళ్లపాటు నిలుస్తుంది, కడగడం తేలికవుతుంది, రెట్ట, ఎండ ప్రభావం తగ్గుతుంది. అయితే అమ్మేవారు చెప్పని సంగతి ఒకటుంది. దాని మీద నీరు గుండ్రటి ముత్యాలుగా నిలబడుతుంది, ఆ ముత్యం బోరు నీటిదైతే లవణమంతా ఒకేచోట చేరి ఆరి, మామూలు పెయింట్ మీదికంటే స్పష్టమైన మచ్చ వేస్తుంది. కోటింగ్ ఉన్నా తుడుపు మానడానికి వీలులేదు. రాయి తగిలిన దెబ్బను అది ఆపదు. జడ్చర్ల వైపు 44వ నంబర్ జాతీయ రహదారి మీదో, నార్కట్‌పల్లి, సూర్యాపేటల మీదుగా 65వ నంబర్ రహదారి మీదో కంకర లారీల వెనక రోజూ వెళ్లేవారికి బానెట్, ముందు బంపర్, పక్క అద్దాల వెనక భాగాల వరకైనా పీపీఎఫ్ (పెయింట్‌ను కాపాడే పారదర్శక ప్లాస్టిక్ పొర) ఫిల్మ్ వేయించడం దానికంటే ఉపయోగం. 150 నుంచి 200 మైక్రాన్ల మందమున్న ఆ ఫిల్మ్ చిన్న రాళ్ల దెబ్బను తాను భరిస్తుంది, గీతలు తనంతట మాసే గుణమున్న రకమైతే దాని మీది సన్నని గీతలు ఎండ వేడికి పోతాయి. కారు మొత్తానికి వేయించడం ఖర్చుతో కూడినది, నా లెక్కలో చాలామందికి అనవసరం.

కడుగుడుకూ కడుగుడుకూ మధ్య

పొద్దున్నే మంచుకు తడిసిన కారును గుడ్డతో తుడిచి బయల్దేరడం మన దగ్గర చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. ఆ తడి దుమ్మును బురదగా చేసేంతే తప్ప కడిగేంత కాదు, కాబట్టి ఆ తుడుపు పెయింట్‌ను ఉప్పుకాగితంతో రుద్దడమే. అద్దాలు మాత్రం తుడుచుకొని వెళ్లండి. పలుచని దుమ్ము మరీ ఇబ్బందిగా ఉంటే బ్లోయర్‌తో ఊదండి, లేదా వట్టి నీళ్లు కొట్టి తువ్వాలుతో అద్దండి. పిలక దస్టర్లు, మైనం పూసిన మాప్‌లు నల్లకారుకు పనికిరావు.

కవర్ విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. దుమ్ముపట్టిన కారు మీద కవర్ కప్పితే, గాలికి అది కదిలిన ప్రతిసారీ కింది రేణువులు పెయింట్‌ను రాస్తాయి. రోజూ వాడే కారును రోజూ కడిగి కప్పడం ఎవరివల్లా కాదు. రేకుల షెడ్డు గాని, గోడ నీడ గాని దొరికితే కవర్ లేకుండానే ఉంచండి. నెలలకొద్దీ కదలని కారుకైతే, కడిగి పూర్తిగా ఆరాక, లోపల మెత్తటి పొర ఉన్న కవర్‌ను బిగువుగా కప్పండి. చెట్టు నీడ ఎండకు మేలే గాని, వేప పూత దిగే మార్చి, ఏప్రిల్ నెలల్లో, పక్షులు వాలే మర్రి, రావి చెట్ల కింద ఏ కాలంలోనైనా, ఎండలో నిలపడమే నయం.